ఎర్ర జాకెట్ వేసుకున్నవాళ్లదే మాట

ఫైర్ బాబాయ్‌కి కుదురన్నది లేదు. కూర్చుంటే కాళ్లు ఊపుతాడు, నిలబడితే తాళాలగుత్తి తిప్పుతాడు. "కాలుగాలిన పిల్లిలా ఏంటా తిరుగుడు?" అని ఇంటావిడ రోజూ దులిపేస్తుంది. ఫైర్ స్టేషన్‌లో ముప్పై ఏళ్లు చేసి రిటైరయ్యాక, ఒక మందుల గోడౌన్‌లో సేఫ్టీ ఆఫీసరుగా చేరాడు.

ఏ ఆపద వచ్చినా గోడౌన్ పని ఆగకుండా ప్లాన్ రాయమన్నాడు మేనేజరు. పాత ప్లాను నూటయాభై పేజీలు. బాబాయ్ దాన్ని తలుపుకి అడ్డం పెట్టి, ఒక్క కాగితం రాసి గోడకి అంటించాడు. ఆపద వేళ ఎర్ర జాకెట్ వేసుకున్నవాళ్లదే మాట, మేనేజరైనా వినాల్సిందే. వాళ్లు మాత్రం ఏ పనికీ చెయ్యి పెట్టకూడదు. లోపలికెళ్లే ప్రతివాళ్లూ బోర్డు మీద పేరు రాయాలి, బయటికొచ్చాక కొట్టేయాలి. జాకెట్ చేతులు మారితే అందరికీ వినబడేలా చెప్పాలి.

నెలనెలా ఈల ఊది ప్రాక్టీసు పెట్టేవాడు. "కోతికి కొబ్బరిచిప్ప దొరికినట్టు బాబాయ్‌కి ఈల దొరికింది" అని నవ్వేది ప్యాకింగ్ అమ్మాయి. నవ్వుతూనే అన్నీ నేర్చుకుంది.

చెయ్యి పెట్టకూడదన్న మాట ఊరికే రాయలేదు. ఏళ్ల కిందట ఒక మంట దగ్గర బాబాయే పెద్ద. ఆగలేక తనే పైపు లాక్కుని లోపలికి దూకాడు. బయట లెక్క చూసేవాళ్లే లేకపోయారు. లోపల ఎంతమందని పై ఆఫీసరు అడిగితే లెక్క చెప్పలేకపోయాడు. తనతో ఇరవై ఏళ్లు పనిచేసిన డ్రైవర్ ఇక బయటికి రాలేదు.

మంగళవారం మధ్యాహ్నం కోల్డ్ రూమ్ మిషన్ కాలి పొగ కమ్మింది. లోపల నాలుగు వందల పెట్టెల ఇన్సులిన్ ఉంది. రెండు గంటల్లో మరో కోల్డ్ రూమ్‌కి చేర్చకపోతే పారబోయాల్సిందే. బాబాయ్ జాకెట్ వేసుకుని, కరెంటు తీయించి, ముగ్గురిని లోపలికి పంపాడు. పొగ చిక్కబడింది. వాళ్లు ఒక్కో పెట్టే తేవడం చూస్తుంటే ప్రాణం ఆగలేదు. పనికి అడ్డమని జాకెట్ విప్పి కొక్కేనికి తగిలించి, తనూ దూరాడు. బోర్డు మీద పేరు రాయలేదు.

పొగలో దగ్గుతుంటే బయటినుంచి ప్యాకింగ్ అమ్మాయి గొంతు వినబడింది.

"జాకెట్ నేనేసుకున్నా! ఇకనుంచి మాట నాది. అందరూ బయటికి!"

అడుగుల చప్పుడు దూరమైంది.

"బోర్డు మీద ముగ్గురు. వచ్చింది ముగ్గురు. తలుపు వేసేయండి... ఉండండుండండి. ఈ జాకెట్ నాకు కొక్కేనికి దొరికింది, మరి బాబాయ్ ఏడీ? బాబాయ్!"

పెట్టె పట్టుకునే బయటపడ్డాడు. ఆమె మొహం పాలిపోయింది.

"ముందు పెట్టె దించండి. మీ పేరు రాసి, కొట్టేయండి. ఆ స్టూలు మీద కూర్చోండి, లేవొద్దు."

బాబాయ్ రాసి, కొట్టేసి కూర్చున్నాడు. ఆమె వ్యాను తెప్పించింది. పొగ పోయాకే మనుషుల్ని పంపి, గడువుకి ముందే సరుకంతా తరలించింది. అంతకుముందే, పొగ ఇంకా ఉండగానే, మేనేజరు రొప్పుతూ పరిగెత్తుకొచ్చాడు.

"లోపలెంతమంది ఉన్నారు?"

"ఎవ్వరూ లేరు సార్. అందరూ బయటే ఉన్నారు" అంది ఆమె, బోర్డు చూపిస్తూ.

స్టూలు మీద బాబాయ్ కాళ్లు ఊగడం ఆగిపోయింది. మొహం చేతుల్లో దాచుకుని, అందరూ చూస్తుండగానే, డ్రైవర్ని తలుచుకుని ఏడ్చాడు.