నేను బాగుచేసిన యాంటెన్నా

సోమవారం నుంచి మా ఇంట్లో నాకు వేళకి టీ ఇస్తున్నారు. మాట్లాడటం మాత్రం లేదు. కోపం రావాల్సింది నాకా, వాళ్ళకా? మొత్తం విని మీరే చెప్పండి.

రాయ్‌పూర్‌లో రైల్వే వ్యాగన్లు బాగుచేసే షాపులో నేను ఫిట్టర్ని. చదివింది పదో తరగతి. అయినా ముప్పై ఏళ్ళలో నేను చేసిన పని ఒక్కటీ వెనక్కి రాలేదు. కొత్తగా వచ్చినవాళ్ళను ఒకే మాటతో దులిపేస్తాను: "ముందు డ్రాయింగ్ చూడు, తర్వాత పనిముట్టు పట్టు!"

మా అమ్మాయి సునీత ఇంజినీరింగ్ ఆఖరి సంవత్సరం. మొబైల్ టవర్లు, వైఫై గాలిలోకి వదిలే తరంగాలను యాంటెన్నాతో పట్టి, ఆ శక్తితో చిన్న బల్బు వెలిగించడం దాని ప్రాజెక్టు. బ్యాటరీ లేదు, ప్లగ్గు లేదు. వినగానే నాకు ఒళ్ళు మండింది.

"వైర్ల మీద కటియా కొక్కెం వేసి కరెంటు లాగేవాళ్ళకీ నీకూ తేడా ఏమిటే? బిల్లు లేని కరెంటు దొంగ కరెంటే!"

"వీధి దీపం కింద కూర్చుని చదువుకుంటే దొంగతనమా నాన్నా? ఇదీ అంతే."

జవాబు సరిగ్గానే ఉంది. అందుకే ఇంకా కోపం వచ్చింది.

ఆదివారం మధ్యాహ్నం అది రిపోర్టు బైండింగుకని శంకర్ నగర్ వెళ్ళింది. నేను టీ గ్లాసు పట్టుకుని దాని బల్ల దగ్గరికి వెళ్ళాను. అరచేయంత బోర్డు, దాని మీద రాగి రేకు. రేకు నిండా చీలికలు! రేపు పరీక్ష పెట్టుకుని ఇదా పని? ఈ కాలం పిల్లలకు శ్రద్ధన్నది ఉందా?

"ఏవండీ, దాన్ని అడక్కుండా ముట్టుకోకండి" అంది మా ఆవిడ.

"తప్పు సరిచేయడానికి పర్మిషన్ ఎందుకు?"

చీలికల్లో సన్నటి రాగి తీగ పరిచి, సోల్డర్ పోసి, ఆకురాయి పట్టి, చింతపండుతో తోమాను. అద్దంలా మెరిసింది! గుడ్డలో చుట్టి డబ్బాలో పెట్టేశాను. పొద్దున్న సునీత ఆ డబ్బా అలాగే తీసుకెళ్ళింది.

పదకొండింటికి ఫోను. "నాన్నా, బల్బు వెలగట్లేదు!" ఏడుస్తోంది. సెలవు పెట్టి స్కూటరు మీద కాలేజీకి ఉరికాను. పరీక్ష చేసే మేడమ్ మీద గుమ్మంలోనే విరుచుకుపడ్డాను. "మా అమ్మాయి ప్లేటు పక్కాగా ఉంది. ఆప్‌కా బల్బ్ ఖరాబ్ హై!"

మేడమ్ ప్లేటు ఎత్తి చూపించి, చీలికలు పూడ్చింది ఎవరని హిందీలో అడిగారు.

"మైఁనే!" నేనేనని ఛాతీ విరిచి చెప్పాను.

సునీత మొహం కప్పుకుంది. "నాన్నా! ఏ తరంగం పట్టాలో ఆ చీలికల పొడవే చెబుతుంది. వాటి లెక్కలకే ఆరు నెలలు పట్టింది!"

"చాలా నీటుగా చేశారు భాయీసాబ్" అన్నారు మేడమ్. "కానీ ఇప్పుడిది యాంటెన్నా కాదు, పళ్ళెం. రెండింటి వరకు చూస్తాను. తర్వాత ఫెయిలే."

సునీత నా ముందు ఒక కాగితం పెట్టింది. ప్రతి చీలికకూ అర మిల్లీమీటరు తేడా లేకుండా కొలతలు. నిన్న బల్ల మీద ఉన్న కాగితమే. మధ్యలో గుండ్రంగా నా టీ గ్లాసు మరక!

అక్కడే కూర్చుని సోల్డర్ కరిగించి, తీగలు ఒక్కొక్కటీ పీకి, కొలత ప్రకారం గీకాను. రెండింటికి పది నిమిషాలుండగా ఆవగింజంత బల్బు వెలిగింది. అమ్మాయి పాసైంది.

అప్పటి నుంచి మాటల్లేవు. టీ గ్లాసు కింద మాత్రం సునీత ఆ డ్రాయింగు జిరాక్సు కాపీ పెట్టి ఇస్తోంది. రోజూ అది పూర్తిగా చదివాకే గ్లాసు పట్టుకుంటున్నాను.