గిల్టు పడుద్దా అండి?

ఇవాళ పొద్దున ఒకావిడ చేతిరుమాలు విప్పి తన కళ్లజోడు నా ముందు పెట్టింది. ముక్కు మీద ఆనే చోట పచ్చటి చిలుము. చెమట, కొబ్బరినూనె, లోహం కలిసి పుల్లగా కొట్టే ఆ వాసన తగలగానే కాకినాడలో నా షాపులో ఉన్న సంగతే మరిచిపోయాను. రాజమండ్రిలో మార్తమ్మ గారి కళ్లజోళ్ల షాపులో, ఆవిడ పక్కన బిక్కుబిక్కుమంటూ నిలబడ్డ ఆడపిల్లనైపోయాను.

మార్తమ్మ గారు నాకు పని నేర్పిన యజమాని. ఆదివారం లూథరన్ చర్చిలో గొంతెత్తి పాడే మనిషి, షాపులో మాత్రం మాటకు పొదుపు. ఎవరొచ్చినా ఫ్రేములు చూపించకముందే అడిగేవారు: "గిల్టు పడుద్దా అండి మీకు?" ఆడవాళ్లకు ఆ ప్రశ్న వెంటనే అర్థమయ్యేది. గిల్టు కమ్మలకు చెవి చీము పట్టి, బెజ్జంలో వేప పుల్ల పెట్టుకుని తిరిగిన రోజులు ఏకరువు పెట్టేవారు. మగవాళ్లే ముఖం మాడ్చుకునేవారు. "నాకు నగలెందుకండి?" అంటే, "పోనీ, బెల్టు బకిలు తగిలే చోట దురద పుడుద్దా?" అనేవారు, అందరూ వినేలా. నాకు సిగ్గుతో చచ్చినంత పనయ్యేది. గిల్టు పడని ఒంటికి చవక లోహపు ఫ్రేమూ పడదని, మన ఉక్కపోతలో అది ఇంకా త్వరగా రేగుతుందని ఆవిడ దగ్గరే తెలుసుకున్నాను. జోడు పెట్టాక "ఫ్యాను కట్టెయ్యమ్మా" అనేవారు. చెమట పట్టాక అది జారుతుందో, ఒరుసుకుంటుందో చూడందే కదలనిచ్చేవారు కాదు. విసుక్కుని లేచిపోయినవాళ్లూ ఉన్నారు.

మా నాన్న ఒక ప్రైవేటు స్కూలు బస్సు నడిపేవాడు. వేరేచోట మోజుపడి కొనుక్కున్న బంగారు రంగు జోడు ఆయనకు ముక్కు మీద, చెవుల వెనక పుళ్లు తెచ్చింది. "వేడి చేసింది" అని అమ్మ పుళ్లకు పసుపు రాసి, పూటపూటా సబ్జా నీళ్లు తాగించేది. మా ఇంట్లో జ్వరం తప్ప అన్నీ వేడే. ఒకసారి మా షాపుకు రమ్మంటే, "మగాడికి గిల్టు పడకపోవడమేంటే" అని నాన్న కొట్టిపారేశాడు.

ఒకరోజు పొద్దున, ఎప్పట్లాగే ఆయన బస్సులో, ఆయన వెనక సీట్లో కూర్చుని టౌనుకు వస్తున్నాను. పక్కన నిండు కాలవ, సన్నటి గట్టు రోడ్డు, వెనక పిల్లలు. నాన్న ముఖం మీద కళ్లజోడు లేదు, చొక్కా జేబులో ఉంది. పెట్టుకోమందామని నోరు తెరిచేలోపే ఎదురుగా కొబ్బరి బొండాల రిక్షా. నాకు ఎప్పుడో కనపడింది. ఆయనకు కనపడలేదు. నేను కేక వేశాక బ్రేకు కొట్టాడు. పిల్లలు ముందు సీట్లకు గుద్దుకున్నారు, ముందు చక్రం గట్టు అంచు దాకా వెళ్లి ఆగింది.

"మంచు పట్టిందమ్మా, కనపళ్లేదు" అన్నాడు నాన్న. ఆ రోజు మంచు లేదు.

షాపుకు వెళ్లి మార్తమ్మ గారికి అంతా చెప్పాను. ఆయన్ని పిలవమన్నారు. పిల్లల్ని దించి, అయిష్టంగానే వచ్చాడు నాన్న. ఆవిడ ఆయన చెవి మడిచి చూశారు. పసుపు కింద పచ్చి పుండు.

"బస్సు తాళాలు ఇలా ఇవ్వండి బాబూ."

"సాయంత్రం పిల్లల్ని దింపాలండి."

"అందుకే అడుగుతున్నాను."

నాన్న నా వైపు తిరిగాడు. "ఉద్యోగం పోద్దే. చెప్పవే మీ మేడమ్ గారికి." ఒకపక్క అన్నం పెట్టే నాన్న, మరోపక్క జీతమిచ్చే మార్తమ్మ గారు. "ఇచ్చెయ్యి నాన్నా" అన్నాను. తాళాలు బల్ల మీద పడేసి గోడకేసి తిరిగాడు. మార్తమ్మ గారు స్కూలుకు ఫోన్ చేసి, "కళ్లజోడు కుదిరేదాకా మీ డ్రైవరు గారిని నేనే ఆపానండి. మంచి మనిషి, తీసెయ్యకండి" అన్నారు. వాళ్లు చూస్తామన్నారంతే. పుండు మానేదాకా ఆవిడ కొత్త ఫ్రేము పెట్టలేదు. ఆ రోజుల్లో ఇంట్లో నాన్న నాతో మాట్లాడలేదు.

మానాక, లోహం ఎక్కడా ఒంటికి తగలని తేలికపాటి ప్లాస్టిక్ ఫ్రేములో ఆయన పవరు లెన్సులు బిగించి పెట్టారు. చెమటలో తల వంచమన్నారు, తిప్పమన్నారు. చెవుల వెనక ఫ్రేము కాడలు ఒత్తుతుంటే తీసి, వేడిచేసి, వంచి మళ్లీ పెట్టారు. నాన్న అద్దం కోసం చెయ్యి చాపాడు.

"అద్దం తర్వాత. ముందు మీ అమ్మాయిని చూడండి."

నాన్న చాలాసేపు చూశాడు. "ఏంటమ్మా, ఇంత చిక్కిపోయావు? ఎప్పట్నుంచి?"

రోజూ బస్సులో ఆయన వెనక సీట్లోనే కూర్చునేదాన్ని. నాకు ఏడుపు ఆగలేదు.

స్కూలువాళ్లు నాన్నను మళ్లీ తీసుకున్నారు. మార్తమ్మ గారు ఇప్పుడు లేరు. పొద్దున వచ్చినావిడకు కొత్త జోడు పెట్టి చూశాక నేను కూడా ముందు అద్దం ఇవ్వలేదు. "ముందు మీతో వచ్చినవారిని చూడండి" అంటాను ఎవరొచ్చినా. ఆవిడ ఒంటరిగా వచ్చింది. ఒంటరిగా వచ్చినవాళ్లు నన్నే చూస్తారు. వాళ్లు చూసినంతసేపూ నేను ముఖం తిప్పుకోను.