రాణివాసం తలుపులో వేలు

ప్యో ఓక్‌బున్ ఆ రాజభవనంలోకి మొదటిసారి అందరిలాగే టికెట్ కొనుక్కుని వచ్చింది. అప్పటికామెకు నలభై ఒకటి. చుట్టాల పెళ్లికని, చేతికాగితానికి పేరున్న జొంజు నుంచి సియోల్ వచ్చి, ఒక పూట ఖాళీ దొరికితే సింహాసనం చూద్దామని బయల్దేరింది. సింహాసనం దాకా పోనేలేదు. దారిలో ఒక ముసలాయన చెక్క చట్రాల తలుపులకు కాగితం అంటిస్తున్నాడు. కాసేపు చూసి, నోరు ఊరుకోక, "బాబాయ్, నీ జిగురు మరీ పల్చగా ఉంది. ఆ కాగితం వానల దాకా నిలవదు" అనేసింది.

"అంత తెలిసినదానివి నువ్వే అంటించు" అని ఆయన కుంచె ఆమె చేతికిచ్చాడు.

ఇరవై రెండేళ్లయింది. ఆ పని ఇంకా ఆమెదే. సింహాసనం మాత్రం ఇప్పటికీ సరిగ్గా చూడలేదు. అడిగితే, "చూసేదేముంది? దానికి కాగితం ఉండదుగా!" అంటుంది.

ఏటా ఆకులు ఎర్రబడే రోజుల్లో రాణివాసం తలుపులన్నీ దించి, పాత కాగితం నానబెట్టి గీకి, గోధుమపిండి జిగురు రాసి కొత్తది పరుస్తుంది. ఆపైన నోటినిండా నీళ్లు పట్టి తలుపు మీదికి తుంపరగా ఊదుతుంది. ఎండేసరికి కాగితం డప్పులా బిగుసుకుంటుంది. గోటితో మీటి, చెవి వొగ్గి విని, "ఊఁ, పలికింది" అంటే ఆ తలుపు అయిపోయినట్టు.

ఇంత చేసి నిలబెడితే, వారం తిరక్కుండానే కన్నాలు. వేలంత లావున, గుండ్రంగా, రంపంతో కోసినట్టు. రాణిగారి గదిలోకి ఎవర్నీ పోనివ్వరు కదా, ఆ పోనివ్వకపోవడమే మనిషికి దురద. కెమెరా పెట్టి చూశారు. అందులో అద్దె పట్టుబట్టలు కట్టి రాకుమార్తెల వేషం వేసుకున్న సందర్శకుల వీపులు తప్ప ఏమీ పడలేదు. అన్ని వీపులూ ఒకటే.

ఈ ఏడు కొత్త అధికారి వచ్చాడు. పేరు సొన్ గ్యూసిక్, నలభై నిండలేదు, నడిచినా ఫైలు చూసుకుంటూనే నడుస్తాడు. సోమవారం నాడు ఒక చిన్న చట్రానికి బిగించిన తెల్లటి ప్లాస్టిక్ కాగితం తెచ్చి ఓక్‌బున్‌కి చూపించాడు.

"ఇది చిరగదమ్మా. పదిహేనేళ్లు మళ్లీ చూసుకోనక్కర్లేదు."

"ఊపిరాడదు సారూ దానికి. గది ముక్కిపోతుంది."

"గదికి ఊపిరేంటమ్మా! సరే, ఒక మాట. శుక్రవారం దాకా ఒక్క కన్నం కూడా పడకపోతే మీ కాగితమే ఉంచుదాం. పడిందా, ఇదే."

అది వేసిన మర్నాడు ఇక తన కుంచెతో ఆ భవనానికి పనిలేదని ఓక్‌బున్‌కి ఎవరూ చెప్పనక్కర్లేదు.

గురువారం దాకా ఎలాగో గడిచింది. శుక్రవారం పొద్దున్నే ఆమె బార్లీ టీ ఫ్లాస్కు చంకన పెట్టుకుని రాణివాసంలోకి దూరి, లోపల్నించి తలుపు వేసుకుని, దాని వెనకే చతికిలబడింది. బయట గుంపులు వస్తున్నాయి, పోతున్నాయి. ఫొటోలు, నవ్వులు, "అటు జరగవే"లు. పదకొండు దాటాక ఒక బస్సు జనం దిగిన సందడి, అంతా పెద్దవయసు ఆడగొంతులే. ఒక నీడ తలుపు దగ్గరికొచ్చి ఆగింది. కాగితం మీద ఒకచోట తడి మచ్చ పుట్టింది. మచ్చ పెద్దదైంది. చప్పుడన్నది లేకుండా ఒక వేలు లోపలికొచ్చింది.

ఓక్‌బున్ దాన్ని గప్పున పట్టుకుంది.

"ఓలమ్మో! రాణిగారు పట్టుకున్నారర్రోయ్!" బయట కేక.

"ఏ రాణీ కాదు! ఎవరు నువ్వు? పేరు చెప్తేగానీ వదల్ను!"

"కొహుంగ్ నుంచి వచ్చాను, మాంగ్ సున్‌నేని. ఎనభై నాలుగేళ్లు. వేలు విరుగుద్ది, వదులమ్మాయ్!"

"అరవై మూడేళ్లదాన్ని, అమ్మాయి అంటావా?"

"నాకు ఎనభై నాలుగని చెప్పాగా. నువ్వు అమ్మాయివే."

నవ్వు ఆగక ఓక్‌బున్ పట్టు సడలింది. తలుపు సందు తీసి చూస్తే రింగుల జుట్టు, గులాబీరంగు కోటు, గోరంత మనిషి. అలాంటి గులాబీ కోట్లలోనే ఉన్న మిగతావాళ్లంతా మూర్తీభవించిన అమాయకత్వంలా చెట్లకేసి చూస్తున్నారు.

"ఎందుకు పొడిచావవ్వా?"

"నేనెక్కడ పొడిచాను! కాగితం తలుపు కనబడగానే వేలే వెళ్లింది. నా పెళ్లిరాత్రి, అప్పట్లో ఆచారమే అది, మా గది తలుపుకి పందొమ్మిది కన్నాలు పెట్టారు చుట్టాలు. పందొమ్మిది కళ్లు! మా ఆయన సిగ్గుతో గోడవైపు తిరిగి పడుకున్నాడు. తెల్లారి మా అత్త కన్నాలు లెక్కపెట్టి, 'కోడలా, నీకు మంచి చుట్టరికం ఉంది' అంది. ఆ తర్వాత ఊళ్లో ఎవరి పెళ్లయినా మొదటి కన్నం నాదే. ఇక్కడ రాజుగారు ఎన్ని పెళ్లిళ్లు చేసుకున్నాడు, ఒక్కటన్నా పొడిచేవాళ్లుండరా పాపం అనిపించింది."

ఓక్‌బున్‌కి కోపం రావాల్సినచోట ఏమీ రాలేదు. తన తలుపుని ఇరవై రెండేళ్లలో తలుపులా చూసిన మనిషి ఈవిడొక్కతే అనిపించింది. కానీ గబగబా అతుకు వేద్దామనుకునేలోపే సొన్ సారు రానే వచ్చాడు, చంకలో ఆ ప్లాస్టిక్ చట్రంతో.

కన్నం చూశాడు. వాచీ చూశాడు. "శుక్రవారమేనమ్మా ఇంకా" అన్నాడు, కాస్త బాధగానే.

"నేనే పొడిచాను నాయనా" అంది అవ్వ. "అదేంటి నీ చంకలో?"

"ఇకమీద తలుపుకి వేసేది అవ్వా. వేలు దిగదు."

అవ్వ వేలు తడిచేసి చట్రం మీద నొక్కింది. కీచుమంది. మళ్లీ నొక్కింది. ముఖం ముడుచుకుంది.

"సిగ్గూ లేదు, శరమూ లేదు. ఇదేం తలుపయ్యా! నువ్వెప్పుడన్నా కాగితం పొడిచావా?"

"నేను పుట్టింది పద్నాలుగో అంతస్తులో అవ్వా. అన్నీ ఇనప తలుపులే."

గులాబీ కోట్లన్నీ ఒకేసారి "అయ్యో" అన్నాయి. తండ్రి పోయినవాణ్ణి చూసినట్టు చూశాయి.

సొన్ సారు నష్టం ఎంతో చూద్దామన్నట్టు వంగి అవ్వ కన్నంలోంచి తొంగిచూశాడు. "లోపలేం లేదే, నేల తప్ప" అన్నాడు.

"ఎవరో పొడిచిన కన్నంలో నీకేం కనబడుద్ది? నీది నువ్వు పొడుచుకోవాలి."

అతను అటు చూశాడు, ఇటు చూశాడు. ఫైలు నేలమీద పెట్టాడు. మళ్లీ సందు మూసిన తలుపు వెనక ఓక్‌బున్ కాగితం మీద కొత్తగా పుడుతున్న తడి మచ్చనే చూస్తోంది. తన చేత్తో బిగించిన కాగితం. వద్దని అరవొచ్చు. అరవలేదు. వేలు దిగింది, వెనక్కిపోయింది. ఆ చోటికి ఒక కన్ను వచ్చింది. ఇటువైపు నుంచి ఓక్‌బున్ తన కన్ను ఆనించింది.

సొన్ సారు పెట్టిన కేకకి ముంగిట్లో నిలబడ్డ రాకుమార్తెలంతా వెనక్కి తిరిగారు. కేక తర్వాత నవ్వు. అంత నవ్వు ఆయనలో ఉందని ఆఫీసులో ఎవరికీ తెలిసుండదు.

నవ్వు సర్దుకున్నాక చట్రాన్ని చూసి గొంతు సవరించుకున్నాడు. "ఇది... గదికి ఊపిరాడనివ్వదని రాస్తాను. వచ్చే ఏటికి కాగితం ఎంత తెప్పించమంటారు?"

"ఎప్పుడూ తెప్పించేదానికి ఇంకో కట్ట ఎక్కువ తెప్పించండి."

"ఎక్కువెందుకు?"

ఓక్‌బున్ తలుపు బార్లా తీసి బయటికొచ్చింది. గులాబీ కోట్లు వేళ్లు తడుపుకుంటూ ఒక్కొక్కటే వరసలోకి చేరుతున్నాయి.

"సారూ, మీటింగుకి పోయేముందు ఆ వేలు తుడుచుకోండి" అంది. "కాగితం పీచు అంటుకునే ఉంది."