మగ్గం విప్పుతున్న ఇంట్లోకి

నా చిన్నప్పుడు సోలాపూర్‌లోని మా నేతగాళ్ల పాత పేటను చూడటానికి బయటి ఊళ్ల వాళ్లు వస్తుండేవారు. అలా ఒకసారి ఏదో కాలేజీ నుంచి ఆరుగురు అమ్మాయిలు, వాళ్లతో ఒక మేడమ్ వచ్చారు. మా తాతకు నేతపనీ తెలుసు, మరాఠీ కూడా బాగా వచ్చు. అందుకని వాళ్లను సందుల్లో తిప్పి చూపించే పని ఆయనకు అప్పజెప్పారు. నాకప్పుడు పదేళ్లు. బడి లేదు కాబట్టి నేనూ వెంట వెళ్లాను.

తాత ప్రతి గడప ముందూ ఆగేవాడు. బయటి నుంచే పిలిచి, ఇంటివాళ్లు రమ్మన్నాకే లోపలికి తీసుకెళ్లేవాడు. ఆ ఆలస్యం నాకు విసుగ్గా ఉండేది.

అయితే నా దిగులు వేరు. ఆ సందు చివరే మా ఇల్లు. ఒకటే గది. ఆ ఏడాది వానలకు గోడ సగం కూలితే ఆ చోట గోనెపట్టాలు కట్టాం. అమ్మ గుమ్మంలో కూర్చుని బీడీలు చుడుతూ ఉంటుంది. ఇస్త్రీ బట్టల్లో వచ్చిన ఆ అమ్మాయిలు అదంతా చూస్తారని నాకు సిగ్గు.

అందుకే తాత ఎవరితోనో మాటల్లో ఉండగా మేడమ్ చెయ్యి పట్టుకున్నాను. వెనక సందులో ఉండే అక్క నేసే చద్దర్ల మీద నెమళ్లు అచ్చం బతికున్నట్టే ఉంటాయని నాకొచ్చిన మరాఠీలో చెప్పి, అటుగా అందరినీ అక్క వాళ్లింటికి తీసుకెళ్లాను. తలుపు తెరిచే ఉంది. పిలవకుండానే లోపలికి దూరాను.

వాళ్లు ఆ రోజే మగ్గం విప్పేస్తున్నారని నాకు తెలియదు. చేతిమగ్గానికి పని రాక అక్క పెనిమిటి కుంఠా నాకా దగ్గర కరెంటుతో నడిచే సాంచెల కార్ఖానాలో చేరాడు. మగ్గం కట్టెలు ఒక్కొక్కటే ఊడదీసి గోడకు ఆనిస్తున్నాడు. అక్క మగ్గం గుంట ఒడ్డున కూర్చుని ఏడుస్తోంది. మమ్మల్ని చూసి గబుక్కున కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. మేడమ్ అప్పటికే కెమెరా ఎత్తింది.

తాత ఎప్పుడొచ్చాడో గానీ, కెమెరాకూ అక్కకూ మధ్య నిలబడ్డాడు. కోపం లేకుండానే మేడమ్‌తో మరాఠీలో, "ఇప్పుడు కాదు తాయీ. రండి, మా ఇల్లు చూపిస్తాను" అన్నాడు.

నేను అందరికన్నా వెనక నడిచాను. మా గదిలో అందరినీ కూర్చోబెట్టాడు. కూలిన గోడను దాచలేదు, ఎండలు రాగానే కట్టుకుంటామని మామూలుగా చెప్పాడు. ఎవరూ నవ్వలేదు. ఒకమ్మాయి మా అమ్మ పక్కన కూర్చుని బీడీ చుట్టబోయి ఆకు చింపేసింది. ఫోటో తీసుకోవచ్చా అని మేడమ్ ఈసారి అడిగింది. అమ్మ కొంగు సర్దుకుని, సరేనంది.

వాళ్లు వెళ్లాక తాత నన్ను తిట్టలేదు. "మనిల్లు కనవడొద్దనే అక్కోళ్లింటికి తీస్కపోయినవ్ గదా?" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది.

"నా ముందట ఏడిస్తే ఏమొస్తది బిడ్డా? అక్క తానికి పో."

రోజుకు పదిసార్లు దూసుకుపోయే ఆ ఇంటి గడప బయట నిలబడి, "అక్కా, లోపటికి రావాల్నా?" అని మొదటిసారి అడిగాను. అక్క కొంగుతో మొహం తుడుచుకుంది.

"రా. గా కట్టె అటు దిక్కు పట్టు" అంది.

చీకటిపడే దాకా ఇద్దరం కట్టెలు మోశాం. నన్ను క్షమించానని అక్క అనలేదు. నేనూ అడగలేదు.

ఇప్పుడు మేం ఊరి బయట కుంభారి కాలనీలో ఉంటున్నాం. పాత పేట చూస్తామని మనవరాలి స్నేహితులు అడిగితే బస్సులో తీసుకెళ్లి సందులన్నీ తిప్పుతాను. ఏ ఇంటివాళ్లైనా ఇవాళ వద్దంటే ఎందుకని అడగను. పిల్లలు కిటికీలోంచి తొంగిచూడబోతే ముందుకు నడవమంటాను. లోపల ఏముందని వాళ్లడుగుతారు. నాకు తెలియదనే చెబుతాను. తెలుసుకోకుండా దాటిపోవడం కూడా ఒక మర్యాదేనని నాకు అక్క కొంగు మొహానికి అడ్డం పెట్టుకున్న రోజున తెలిసింది. అందుకే ఆ మర్యాదను ఎన్నడూ తేలిగ్గా తీసుకోలేదు.