ధర్మవరం కారు తాగిన పెట్రోలు

అది 1980. అనంతపురంలో గుత్తి రోడ్డు పక్కన నాదొక రేకుల షెడ్డు. వాన చుక్క లేక రోడ్లన్నీ దుమ్ము లేస్తున్న రోజులు, పెట్రోలు ధర ఎక్కడా నిలవని రోజులు. కారున్న ప్రతివాడిదీ ఒకటే మాట: "అన్నా, బండి తక్కువ తాగేట్ట చెయ్." నేనూ అందరికీ ఒకటే పాఠం చెప్పేవాణ్ణి. టైర్లలో గాలి తగ్గనీయొద్దు. రైల్వే గేటు పడిందని దూరం నుంచే కనిపిస్తుంటే, దాని దాకా ఉరికి బ్రేకు తొక్కొద్దు. చోక్ లాగి మరిచిపోవద్దు. పొద్దున్నే చల్లటి ఇంజిన్ అందుకోవడానికి గాలి తగ్గించి పెట్రోలు ఎక్కువ పంపేదే చోక్. విన్నవాళ్లు బుద్ధిగా తలూపి, షెడ్డు దాటగానే రయ్యిమని పోయేవాళ్లు.

పట్టుచీరల వ్యాపారి నారాయణప్ప ధర్మవరం నుంచి తన అంబాసిడర్‌ను తెచ్చింది ఆ ఎండాకాలంలోనే. నడిపేది మస్తాన్. నారాయణప్ప వాళ్ల నాయన కాలం నుంచీ ఆ ఇంటి డ్రైవరు. అతని చేయి నాకు తెలుసు. వెనక సీట్లో నిండు చెంబు పెట్టినా నీళ్లు తొణకనీయడు. అట్లాంటివాడి కారు పెట్రోలు తాగుతోందంటే నాకే వింతగా అనిపించింది.

నారాయణప్ప నన్ను పక్కకు పిలిచి గొంతు తగ్గించాడు. "ఏమప్పా, బండే తాగుతాండాదా, లేకుంటే బండి పేరు చెప్పి ఎవురన్నా తాగుతాండారా? అది జూడు."

మస్తాన్ విన్నాడో లేదో, అద్దం తుడుస్తూనే ఉన్నాడు.

స్పార్క్ ప్లగ్గులు విప్పి చూశాను. ఇంజిన్‌లో నిప్పురవ్వ పుట్టించేవి అవి. నల్లగా మసి పట్టి ఉన్నాయి. అంటే పెట్రోలుకు సరిపడా గాలి అందక, అది సగమే కాలుతోందన్నమాట. పెట్రోలునూ గాలినీ కలిపేది కార్బరేటర్ కాబట్టి తప్పు దానిదేననుకుని, విప్పి కడిగి, ప్లగ్గుల మసి కూడా తుడిచి మళ్లీ బిగించాను. తర్వాత బాటిల్ టెస్ట్ పెట్టాను. ట్యాంకు పైపు ఊడదీసి, కొలిచి పోసిన పెట్రోలు సీసాను బానెట్ కింద కట్టి, అది అయిపోయేదాకా ఎంత దూరం పోతుందో చూడటమే ఆ పరీక్ష. మస్తాన్ తోలాడు, నేను పక్కన కూర్చున్నాను. కారు కొత్తదానంత దూరం పోయింది. నేను మీసం దువ్వుకున్నాను.

కొన్నాళ్లకే మళ్లీ వచ్చారు. ఈసారి నారాయణప్ప గొంతు తగ్గించలేదు.

"నీ కాడ మైలేజీ ఇస్తాది, మా కాడ ఇయ్యదు. నడమ ఉండేది ఒకే మనిషి. నువ్వే తేల్చినావు గదప్పా."

నా పనితనమే మస్తాన్ మెడకు చుట్టుకుంది. అతను జేబులోంచి తాళంచెవి తీసి బానెట్ మీద పెట్టాడు. "మీ నాయన నా చేతికిచ్చిన తాళం నారాయణప్పా ఇది. దొంగ అనిపించుకోని ఇంగ దీన్ని పట్టను." నాకు అక్కడ నిలబడబుద్ధి కాలేదు.

ఏమీ తోచక, చేతి అలవాటుకొద్దీ ఒక ప్లగ్గు విప్పాను. మళ్లీ మసి. ప్రాణం లేచొచ్చింది నాకు.

"ఇట్ల చూడు నారాయణప్పన్నా. దొంగిలించి అమ్ముకున్న పెట్రోలు ప్లగ్గుకు మసి పట్టియ్యదు. పోయిందంతా ఈ ఇంజిన్‌లోనే పోయింది. మస్తాన్ ఒక్క చుక్క గూడా తియ్యలే."

"మరి దీనికి ఎవురు తాపుతాండారు?"

"అది మీ ఇంటి కాడ తెలుస్తాది. రేపు పొద్దున్నే నేనే వస్తా. బండి రోజూ ఎట్లుంటాదో అట్లే ఉండనీ."

ఆ రోజు కారును నారాయణప్పే తోలుకుపోయాడు. మస్తాన్ పక్కన కూర్చున్నాడు. గేర్లు మార్చినప్పుడల్లా బండి గొల్లుమంటుంటే వినలేక నేను లోపలికి వచ్చేశాను.

మర్నాడు మొదటి బస్సుకే ధర్మవరం చేరాను. కారు ఇంటి ముందే ఉంది. మస్తాన్ దానికి దూరంగా, పరాయివాడిలాగా అరుగు మీద కూర్చున్నాడు. బానెట్ ఎత్తి అట్లే నిలబడిపోయాను. ఎయిర్ క్లీనర్ అనే డబ్బా ఉంటుంది, ఇంజిన్ గాలి పీల్చేది దాన్నుంచే. దానికి వంకాయరంగు పట్టుగుడ్డ మడతలు మడతలుగా చుట్టి, జరీ అంచు బయటికి కనబడేట్టు, దారంతో ముచ్చటగా కట్టి ఉంది.

"ఇదేంది?" అన్నాను.

నారాయణప్ప తల్లి సాలమ్మవ్వ గడప దాటి వచ్చింది. "నేనే కట్టించినా నాయనా. రోడ్డంతా దుమ్ము గదా. ఇది మా మగ్గం మీద నేసిన పట్టు. దీన్ని దాటి దుమ్ము పోతాదేమో చెప్పు."

"దుమ్ము పోదవ్వా. గాలి గూడా పోదు. మరి మా షెడ్డుకు వచ్చినప్పుడు ఇది యాడ పోయింది?"

మస్తాన్ లేచి వచ్చాడు. "షెడ్డుకు పోయేటప్పుడల్లా విప్పమంటాదన్నా అవ్వ. మీ గ్రీసు చేతులు పడితే పట్టు పాడైతాదని. నేనే విప్పి, మడత పెట్టి, ఆమె చేతికిచ్చి వస్తా."

నేను అరుగు మీద కూలబడి కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వాను. తనను కాపాడే సాక్ష్యాన్ని తానే జాగ్రత్తగా మడతపెట్టి ఇంట్లో ఇచ్చి వస్తున్నాడు పాపం. ఇంట్లో అందరికీ తెలుసు. చెప్పదగ్గ సంగతని ఎవరికీ తోచలేదు.

గుడ్డతోనే ఇంజిన్ స్టార్ట్ చేసి యాక్సిలరేటర్ తొక్కమన్నాను. వెనక నల్లటి పొగ. గుడ్డ విప్పించాను. కాసేపటికి పొగ తగ్గిపోయింది. "ఇన్నాళ్లూ మీ బండి పొద్దుగూకులూ చోక్ లాగినట్టే తిరిగింది" అన్నాను.

అవ్వకు అర్థమైంది. "ఓరి నారాయణా, పెట్రోలు తాపింది నేనేరా. పనిలోంచి తీసేస్తే నన్ను తియ్" అంది.

నారాయణప్ప తలెత్తలేకపోయాడు. తాళంచెవి తీసి, రెండు చేతులతో మస్తాన్ చేతిలో పెట్టి, చిన్నప్పుడు పిలిచినట్టు పిలిచాడు. "తప్పయిపోయింది మస్తానన్నా."

మస్తాన్ తాళంచెవి జేబులో వేసుకున్నాడు. తర్వాత మెల్లగా నవ్వాడు. "పోనీలేప్పా. దొంగ దొరికినాడు గదా, అదీ జరీ అంచుతో."

ఆ రోజు నన్ను బస్సెక్కనీయలేదు. మస్తానే కారులో తెచ్చి షెడ్డు ముందర దించాడు. దారిపొడుగునా ఒక్క కుదుపు లేదు.

బండిని షెడ్డులో చూసి తీర్పు చెప్పకూడదని నాకు నేర్పింది ఆ పట్టుగుడ్డే. బండి బతికే చోటికి పోయి చూడాలి. ఎవరు వచ్చినా సరే, స్పానరు పట్టేముందు "ఇంటి కాడ ఏమన్నా విప్పిపెట్టి వచ్చినారా?" అని అడగటం అప్పటినుంచే అలవాటైంది.

తర్వాతి సర్వీసుకు మస్తాన్ తలకు రుమాలు చుట్టుకుని దిగాడు. వంకాయరంగు, జరీ అంచు. అవ్వ ఉతికి ఇచ్చిందట. ముచ్చటపడి అంచు చూద్దామని చేయి చాపాను. అతను చటుక్కున తల వెనక్కి తీసుకున్నాడు.

"గ్రీసు చేతులు తియ్యన్నా."