నిరోష చేతికి తాపీ

సివిల్ డిప్లొమా ఫస్ట్ క్లాసులో పాసైన నిరోష, వనపర్తిలో ఇల్లు కట్టే పనికి వచ్చిన మొదటి రోజే నవ్వులపాలైంది. ఉద్యోగం కోసం తిరిగి తిరిగి చెప్పులరిగాక, తల్లి లలితమ్మ ఇసుక తట్టలు మోసే చోటే కూలికి కుదిరింది. మేస్త్రి కురుమూర్తి గోడ దగ్గర నిలబడి "గుండు తే పిల్లా!" అని కేకేశాడు. ఆమె పుట్టి పెరిగింది ఖిల్లా ఘణపూర్‌లో. అక్కడ గుండు అంటే గుట్టమీది బండరాయి. పాపం, పిల్ల ఓ పెద్ద రాయిని కడుపుకానించుకుని, రొప్పుతూ తెచ్చి ఆయన కాళ్ల దగ్గర దించింది.

"ఓయమ్మ! గిదేంది? గోడ వంకర సూసే తూకం గుండు తెమ్మన్న!"

దారానికి వేలాడే ఆ ఇనుప గుండు నిరోషకు బాగా తెలుసు. పరీక్షలో బొమ్మ గీసి మార్కులు కూడా తెచ్చుకుంది. కాకపోతే కాలేజీ దానికి ఇంగ్లిషు పేరొక్కటే నేర్పింది. ఆ పాఠం చెప్పినవాళ్లు ఒక్కపూటైనా గోడ దగ్గర నిలబడి ఉంటే పిల్లకి రాయి మోత తప్పేది.

సాయంత్రం తల్లితో, "అమ్మా, నేను తట్ట మొయ్య. తాపీ పడ్త," అంది.

లలితమ్మ బెదిరిపోయింది. "ఆడోళ్లకు తాపీ ఎవ్వడిస్తడే? నా పెండ్లయినసంది మోస్తున్న, ఒక్కడన్న ఇచ్చిండా?"

ఆ మాట నిరోషను నిద్రపోనివ్వలేదు. మర్నాటి నుంచి మధ్యాహ్నం అందరూ సద్దులు తింటుంటే, మిగిలిపోయిన మాల్, అంటే సిమెంటు ఇసుక కలిపిన ముద్ద తీసుకుని, ఓ మూల గోడ కట్టి చూసుకునేది. కురుమూర్తి వచ్చి దాన్ని ఒంటిచేత్తో తోసేసేవాడు. "ఇటుక తడపలే. ఎండిటుక మాల్‌ల నీళ్లన్ని తాగేస్తది," అనేవాడు. తోసినందుకు కళ్లలో నీళ్లు తిరిగేవి. చెప్పినందుకు మళ్లీ కట్టేది. ప్లాను కాగితం అర్థంకానప్పుడు ఆయనా మెల్లగా ఆమె పక్కకు చేరేవాడు. అడగడానికి నామోషీ కదా, "జర గిది సూడు" అని ఊరుకునేవాడు.

ఒకరోజు ఇంకో మేస్త్రి మద్దిలేటి నాగర్‌కర్నూల్‌లో పెళ్లికని పోయి రాలేదు. వంటింటి గోడ ఆగిపోయింది. కురుమూర్తి కాసేపు గొణిగి, తన తాపీ నిరోష చేతిలో పెట్టాడు.

"కట్టు. వంకరొస్తే కూలగొడ్త. మళ్ల తాపీ మాట ఎత్తొద్దు."

ఇటుకలన్నీ నానబెట్టి, దారం కట్టి, వరస మీద వరస పేర్చింది. పొద్దు వాలేసరికి గోడ లేచింది. కురుమూర్తి తూకం గుండు వేలాడదీసి, ఓ కన్ను మూసి చూశాడు. ఇంకోచోట వేశాడు. మూల దగ్గర వేశాడు. తప్పు దొరక్క ముక్కు గీరుకున్నాడు.

"రేపటిసంది నీ తాపీ నువ్వే తెచ్చుకో," అన్నాడు. అంతకు మించి ఆయన ఎవరినీ మెచ్చుకున్నది లేదు. నిరోషకు ఆ రాత్రి అన్నం సయించలేదు, సంతోషంతో.

మర్నాడు కొత్త తాపీతో పరంజా ఎక్కింది. లలితమ్మ మాల్ తట్ట నెత్తిన పెట్టుకుని పరంజా కిందికి వచ్చి ఆగింది. తలెత్తి, వీధంతా వినపడేలా పిలిచింది.

"మేస్త్రీ! మాల్ యాడ పొయ్యాలె?"

పక్కనున్న కురుమూర్తి తననే అనుకుని తల తిప్పాడు.

"నిన్ను గాదన్నా," అంది లలితమ్మ, "నా బిడ్డను."