మబ్బులే రాయండి మాస్టారూ

పైలట్లకి నేలమీద పాఠాలు చెప్పే గ్రౌండ్ ఇన్‌స్ట్రక్టర్ సర్టిఫికెట్‌కి వాతావరణం తీసుకోవాలా, నావిగేషన్ తీసుకోవాలా? అది తేల్చుకోలేకే భీమవరం బస్సులో దరఖాస్తు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. గాల్లో తేలేవాళ్ళకి గురువు, ఇలా ఏదీ తేలని మనిషి!

పక్కసీటు రొయ్యల రైతు తొంగిచూసి, "నావిగేషన్ అంటే ఏంటండి?" అన్నారు. ఒక్క ముక్కలో చెప్పేశాను. "మరి ఆ మబ్బు సంగతేంటండి?" అన్నారు కిటికీలోంచి చూపిస్తూ. ఇక రావులపాలెం దాటేదాకా నేను ఆపలేదు. గంటలో కమ్మేస్తుందని కూడా చెప్పాను. ఆయన వెంటనే చెరువు కాపలా అతనికి ఫోన్ చేశారు. "ఎండ పోతుందంట. ఏరేటర్లు వేసెయ్, నీళ్ళలో గాలి తగ్గితే రొయ్యలకి ఊపిరాడదు."

దిగుతూ దరఖాస్తు మీద వేలు పెట్టారు. "మబ్బులే రాయండి మాస్టారూ. ఇందాక కండక్టరు రెండుసార్లు పిలిచినా మీకు వినపళ్ళేదు."

ఉద్యోగాలు ఎక్కువని అందరూ అంటే నావిగేషనే రాశాను. ఇప్పుడు క్లాసులో కిటికీ అవతల మబ్బు కనిపిస్తే చాలు, పాఠం ఎక్కడ ఆపానో మర్చిపోతాను. "దారి తప్పారు సార్" అని పిల్లలు నవ్వుతారు.

ముక్కూమొహం తెలియని నా మాట నమ్మి ఆయన ఏరేటర్లు వేయించారు. ఆయన మాట నమ్మి నేను ఒక్క గడి నింపలేకపోయాను.